ఏడుపు వినబడితే తలుపు కొట్టే గల్లీ

మా చిన్నప్పుడు ఫిల్మ్‌నగర్‌లోని మా గల్లీలో ఎవరింట్లోంచి ఏడుపు వినబడినా ఎవరూ కంగారుపడేవారు కాదు... "రేపు షూటింగ్ ఉన్నట్టుంది" అనుకుని ఎవరి తాలింపు వాళ్లు వేసుకునేవారు. సగం ఇళ్లు జూనియర్ ఆర్టిస్టులవే మరి! పెళ్లి సీన్లో అక్షింతలు వేసేదీ, చావు సీన్లో గుండెలు బాదుకునేదీ మావాళ్లే.

పక్కింటి సరోజ పిన్నిది తెనాలి. భర్త పోయాక ఒక్కతే ఉండేది. ఏడుపు సీన్లకి పిన్ని పెట్టింది పేరు, కాకపోతే ఎప్పుడూ గుంపులోనే... ఎన్నాళ్లకో విడిగా ఒక వేషం దొరికింది. కొడుకు పోయిన తల్లి. "ఈసారి నా ముఖం కనబడుతుందక్కా!" అని మా అమ్మ దగ్గర మురిసిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నించీ పిన్ని ఇంట్లో ఒకటే ఏడుపు. "అయ్యో... అమ్మా... ఎవరైనా రండి..." మా అమ్మ బియ్యం ఏరుతూ, "ఎంత బాగా చేస్తోందో!" అని మెచ్చుకుంది కూడా.

మధ్యాహ్నానికి గొంతు తగ్గింది. అలసిపోయి పడుకుందనుకున్నాం.

సాయంత్రం నల్లా వచ్చింది. బిందెల వరసలో పిన్ని బిందెలు లేవు. గల్లీ చివర కిరాణా కొట్టు నడిపే షేక్‌పేట యాదమ్మకి అనుమానం వచ్చింది. "సరోజక్క బిందెలేవి? నల్లా వచ్చిందంటే ఆమెనే ముందుంటది గద! జర తలుపు కొట్టుండ్రి!"

గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లాం. స్నానాలగది గడప దగ్గర పడి ఉంది పిన్ని, తుంటి విరిగి... మా అమ్మను చూసి ఒకటే మాట అంది. "పొద్దున్నించీ పిలుస్తూనే ఉన్నానక్కా..."

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ వేషం ఇంకొకావిడకి పోయింది. పిన్ని మంచంలో ఉన్నన్నాళ్లూ ఒకపూట మా ఇంటి అన్నం, ఒకపూట యాదమ్మ జొన్నరొట్టె. అప్పుడే యాదమ్మ గల్లీకి ఒక కట్టుబాటు పెట్టింది. ఏడుపు వినబడితే చేతిలో పని వదిలి వెళ్లి తలుపు కొట్టాలి. "ఉత్తదా, నిజమా?" అని అడగాలి.

ఉత్తదైతే నవ్వుకుని టీ తాగి వచ్చేయడమే. కానీ "ఉత్తదేలే" అంటూ కళ్లు తుడుచుకునేవాళ్ల దగ్గరే యాదమ్మ ఎక్కువసేపు కూర్చునేది... కర్ర పట్టుకుని నడవడం మొదలయ్యాక తలుపు కొట్టడానికి అందరికన్నా ముందు బయల్దేరేది మా పిన్నే.

ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మొన్న సాయంత్రం గోడ అవతల ఏడుపు... "టీవీ అయ్యుంటుందిలే" అన్నారు మావారు. నాకు కాలు నిలవలేదు. వెళ్లి బెల్ కొట్టాను.

కొత్తగా అద్దెకి వచ్చిన అమ్మాయి తలుపు కాస్త తీసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. "సారీ ఆంటీ... సౌండ్ ఎక్కువైందా? తగ్గిస్తాను."

నా ప్రాణం ఉసూరుమంది. ఏడ్చినందుకు కూడా సారీ చెప్పే రోజులొచ్చాయి...

"నేను టీ తాగడానికొచ్చానమ్మా" అని లోపలికి వెళ్లి కూర్చున్నాను.

మీ గల్లీలో అలా తలుపు కొట్టేవాళ్లు ఎవరుండేవారు? చెప్పండి... ఇప్పుడెవరైనా ఉన్నారా, అదీ చెప్పండి.