ఐసు వద్దన్న చేపలావిడ

ఆవిడ పేరు నేనెప్పుడూ అడగలేదు. గుణదలలో మా వీధికంతా ఆవిడ కొల్లేటి చేపలావిడ, అంతే. ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి గుమ్మంలో నీళ్ల తపేలా దించి, దాన్ని అరచేత్తో రెండుసార్లు చరిచేది. లోపల కొర్రమీను ఎగిరిపడి మా మొహాన నీళ్లు చిమ్మేది.

"ప్రాణమున్నదే అమ్ముతానండీ. ఐసు చచ్చినవాటికి," అనేది గర్వంగా.

పోయిన వేసవిలో ఒక ఆదివారం అలాగే చరిచింది. ఏదీ కదల్లేదు. మళ్లీ చరిచింది. తెల్లటి పొట్టలు పైకి తేలాయి.

"నిన్నటివా?" అన్నాను బుద్ధిలేక.

"ఇవాళ తెల్లారగట్ట పట్టినవేనండీ. కొల్లేరు కాగిపోతోంది. చెయ్యి పెడితే చురుక్కుమంటోందండీ. బురదలో కూడా బతికే చేప ఇది. ఇదే తేలిపోతే ఇంకేం మిగులుద్దండీ?"

జాలిపడి కొనబోయాను.

"చచ్చినవి మీకమ్మనండీ," అని తపేలా ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఈ వేసవిలో మళ్లీ వచ్చింది, ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెతో. పెట్టె దించి, అలవాటు కొద్దీ చరచబోయి చెయ్యెత్తింది. ఎత్తిన ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు.