తీగ ఊడింది

పాతబస్తీ గౌలిపురలో ఎవరినడిగినా మైకుసెట్టు వైకుంఠం అంటేనే ఇల్లు చూపిస్తారు. మైకుసెట్టు ఏనాడో అమ్మేశాడు. మూసీ అవతల ఎఫ్‌ఎం రేడియోలో కన్సోల్ ముందు కూర్చోవడం మొదలుపెట్టి పుష్కరం దాటింది. అయినా గల్లీ ఆ పేరు వదల్లేదు, ఆయనా వద్దనలేదు.

పని ఆయన బడిలో నేర్చినది కాదు. బోనాల ఊరేగింపుల వెంట ముసలి ఆగయ్యకు యాంప్లిఫయర్ మోస్తూ నేర్చుకున్నాడు. ఆగయ్య నేర్పిన వాటిలో టంకం పెట్టడం చిన్న పని. ఊరేగింపులో ఎవడో ఒకడు కల్లు తలకెక్కి మైకు లాక్కుంటాడు, పక్క గల్లీని పేరుపెట్టి తిట్టబోతాడు. మొదటి ముక్క బయటికి వస్తూనే ఆగయ్య వెనక నుంచి తీగ పీకేసేవాడు.

"ఏందిరా ఆగయ్యా, ఏమైంది?" అని పెద్దలు అరిచేవారు.

"తీగ ఊడింది బాపూ."

ఊడలేదని అందరికీ తెలుసు. ఎవరూ ఇంకో మాట అడిగేవారు కాదు. తిట్టబోయినవాడే మర్నాడు సిగ్గుపడుతూ వచ్చి ఆగయ్యకు చాయ్ తాగించేవాడు.

రేడియోలో తీగకు బదులు ఎర్ర బటన్ ఉంటుంది. స్టూడియోలో పలికిన మాట కొన్ని క్షణాలు ఆగి గాని గాలిలోకి పోదు. ఆ లోపల వైకుంఠం బటన్ నొక్కితే మాట మాయమై పాట మొదలవుతుంది. నొక్కే ముందు స్టూడియో అద్దం ఇవతలి నుంచి అరచెయ్యి ఎత్తుతాడు. లోపల మాట్లాడే రేడియో జాకీ చూసి మాట మళ్లించాలి. చెయ్యి ఎత్తినా వినకపోతే ఉద్యోగం పోతుందని స్టేషన్ నియమం. చేరిన మొదటి రోజే అందరికీ చెబుతారు.

సాయంత్రం షో వివేక్‌ది. బస్టాపుల మీద బొమ్మ కూడా అతనిదే. ఒకరోజు ట్రాఫిక్ గురించి మాట్లాడుతూ గౌలిపుర గేదెల మీద పడ్డాడు.

"ఫ్రెండ్స్, పాతబస్తీలో గేదె జరగదు, పాలోడు జరగడు! హారన్ కొట్టి టైం వేస్ట్ చేయొద్దు. డిక్కీలో రాడ్ ఉంటుంది కదా? ముందు గేదెకి ఒకటి, తర్వాత దాని ఓనర్‌కి ఒకటి!"

వైకుంఠం చెయ్యి ఎత్తాడు. వివేక్ కన్ను కొట్టి అదే మాట ఇంకోసారి అన్నాడు. వైకుంఠం బటన్ నొక్కి, పని అయిపోయిందనుకున్నాడు. పొరపాటు అక్కడే జరిగింది. ఊరేగింపులో తీగ పీకితే మాట అక్కడికక్కడే చచ్చేది. ఇక్కడ చావలేదు. గాలిలోకి పోని ముక్కను స్టేషన్ వాళ్లే రికార్డింగులోంచి ఏరి, "రేడియోలో రానిది, మీకోసం" అంటూ ఇంటర్నెట్‌లో తమ పేజీలో పెట్టుకున్నారు. తెల్లారేసరికి ఊరంతా విని నవ్వింది.

ఆ వారంలోనే ఎల్లయ్య గేదెను కొట్టారు. ఎల్లయ్య వైకుంఠం ఇంటి వెనకే ఉంటాడు. గల్లీలో ఇంకా పాడి మిగిలిన కొద్ది కొంపల్లో అతనిదొకటి. కారు దిగిన కుర్రాళ్లు ఫోన్లో వీడియో తీసుకుంటూ, వివేక్ గొంతును అనుకరిస్తూ రాడ్డు ఎత్తారు. ముందు గేదెకు ఒకటి. అడ్డం పోయిన ఎల్లయ్యకు ఒకటి.

వైకుంఠం వెళ్లేసరికి గేదె గోడకు ఆనుకుని, ముందుకాలు నేలకు ఆనించలేక వణుకుతోంది. ఎల్లయ్య కట్టు కట్టిన చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ రేడియోళ్లే చెప్పిన్రంట గద వైకుంఠం, గిట్ల కొట్టుమని."

"నేను కట్ చేసిన ఎల్లన్నా."

"మరి గాళ్లకెట్ల ఇనొచ్చింది?"

వైకుంఠం మూలనున్న గడ్డి తెచ్చి గేదె ముందు వేశాడు. ఆ రోజు నుంచి మేత వేసే పని తనే పెట్టుకున్నాడు.

వివేక్‌ను స్టేషన్ మేనేజర్ శ్రీపాద గదిలోకి పిలిచాడు. లోపలికి చాయ్, సమోసాలు పోయాయి. కాసేపటికి వివేక్ మూతి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. దాని పేరు వార్నింగట. పేజీలో ఆ ముక్క మాత్రం అట్లాగే ఉంది.

పొద్దుటి షో ఇంద్రజది. అప్పుడూ కన్సోల్ ముందు వైకుంఠమే. ఉస్మాన్‌గంజ్‌లో మిరపకాయల దుకాణం వాళ్ల పిల్ల. నల్లా నీళ్లు, కూరగాయల ధరలు, స్కూలు బస్సులు, ఇవే ఆమె కబుర్లు. ఆ మర్నాడు పాటల మధ్య గొంతు తగ్గించి అంది:

"ఎల్లయ్య బాపు గేదెను కొట్టినోళ్లు దొరుకుతరో లేదో నాకు తెల్వదు. కొట్టుమన్నోడు ఏడున్నడో మాత్రం తెలుసు. సాయంత్రమైతే గీ కుర్సీలనే కూసుంటడు. ఫోన్ చేసి అడుగుండ్రి."

వైకుంఠం చెయ్యి ఎత్తలేదు. బటన్ వైపు చూడనైనా లేదు.

తర్వాతి పాట పూర్తికాకముందే ఆమెను మైకు ముందు నుంచి లేపేశారు. శ్రీపాద వైకుంఠాన్ని పిలిచి తలుపు వేశాడు. ఈసారి చాయ్ రాలేదు.

"హెడ్డాఫీసు వాళ్లు లైన్లో ఉన్నారు. నువ్వు చెయ్యి ఎత్తావు, ఆమె వినలేదు. అంతే చెప్పు. నీ మీదికి ఏం రాదు."

"ఎత్తలే సార్."

"ఎత్తలేదంటే తప్పు నీదవుతుంది. ఆలోచించుకో."

"వివేక్‌కు ఎత్తిన. కన్ను కొట్టిండు. గా నియమం అప్పుడేడికి పోయింది సార్?"

"అది హ్యూమర్ వైకుంఠం. ఇది జనాన్ని రెచ్చగొట్టడం. ఆ తేడా నీకు తెలియదా?"

"నాకు తెలుసు సార్. గేదెకే తెల్వలే."

ఫోన్లోనూ అదే చెప్పాడు. ఎత్తలేదు. దాంతో నియమం కింద తీసేయడం కుదరక, ఇంద్రజ కాంట్రాక్టు పొడిగించడం లేదన్నారు. కాంట్రాక్టు ఆ నెలతోనే అయిపోతోంది. వైకుంఠానికి మెమో ఒకటి ఇచ్చి ఊరుకున్నారు. ఆమె మెట్ల దగ్గర సంచి భుజానికి తగిలించుకుంటూ ఆగింది.

"నా కోసం నౌకరీ మీదికి తెచ్చుకుంటివి గదన్నా."

"నీ కోసం కాదమ్మా. ఎత్తలే గనుక ఎత్తలే అన్న. ఇంటికి పోయి మీ బాపుకు చెప్పు, పొద్దుగాల ఇగ మైకు ముందట కాదు, మిర్చి దుకాణంల కూసుంటనని."

ఆమె నవ్వింది. కళ్లు మాత్రం నవ్వలేదు.

సోమవారం నుంచి పొద్దుటి షో కూడా వివేక్‌కే ఇచ్చారు. ఫిర్యాదులు వచ్చాయి కాబట్టి మొదట సారీ చెప్పమన్నారట. బస్టాపుల మీద అతని బొమ్మ ఇంకా పెద్దదైంది. వైకుంఠం కన్సోల్ ముందు కూర్చుని, అద్దం అవతల నవ్వుతున్న వివేక్ మైకు తెరిచాడు.

"గుడ్ మార్నింగ్ హైదరాబాద్! నా మాటకి ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే సారీ. గేదెలకి కూడా..."

కన్ను కొట్టబోయాడు. వైకుంఠం చెయ్యి ఎత్తలేదు, బటన్ జోలికీ పోలేదు. కన్సోల్ వెనక్కి వంగి మైకు తీగనే పీకేశాడు. తర్వాతి ముక్క గాలిలోకే కాదు, రికార్డింగులోకీ పోలేదు. వివేక్ పెదవులు మాత్రం అద్దం అవతల కాసేపు ఆడాయి.

శ్రీపాద పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది?"

"తీగ ఊడింది సార్."

ఆగయ్య కాలంలోనైతే ఇంకో మాట ఉండేది కాదు. శ్రీపాద అడిగాడు. "నీ చేతిలో ఉన్నదేంటి మరి?"

వైకుంఠం తీగను మెలిక పడకుండా గుండ్రంగా చుట్టి, చివర ముడివేసి, కన్సోల్ మీద పెట్టాడు. పాట ఒకటి ఎక్కించాడు. అది సరిగ్గా పోతోందా లేదా అని ఒక్క నిమిషం చెవి ఒగ్గి విన్నాడు. తర్వాత టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. ఎల్లయ్య చేతికి ఇంకా కట్టు విప్పలేదు, గేదెకు మేత వేసే వేళ అవుతోంది.