కొంగుల బెల్లం

మా ఆయన శ్రీరాంపూర్‌ల బొగ్గుబాయిల పనిచేసి రిటైర్ అయిండు. లోపల పైకప్పు తాకుతదని వంగి నడిచీ నడిచీ, గిప్పుడు ఇంట్ల దర్వాజ ఎంత ఎత్తున్నా తలకాయ వంచే వస్తడు. దానికి తోడు దగ్గొకటి. బాయిల దుమ్ముకు గొంతు పట్టుకుంటే బెల్లంముక్క బుగ్గన పెట్టుకునుడు బాయి పనోళ్లందరికి అలవాటు. అందుకే నా కొంగుకు బెల్లం లేని రోజు లేదు.

మా అల్లునికి జాంబియాల రాగి గనుల నౌకరి. బిడ్డ రమ్మంటె పోయినం. అక్కడ జీపు దిగి, తుపాకి పట్టిన గైడు వెనుక అడవిల నడుసుకుంట జంతువులను చూస్తరట. ఆ మాట చెవుల పడ్డకాంచి మా ఆయనకు కాలు నిల్వలే. "బతుకంత చీకట్ల వంగి నడిస్తి. ఒక్కపారి వెలుతురుల నిటారుగ నడుస్తనే" అన్నడు. బోథ్ దిక్కు మా అవ్వగారింటి పక్కనే అడవి ఉన్నది, అటు పోదామంటె మాత్రం పెద్దమనిషికి ఏనాడూ తీరలే.

ముందటి రోజు సాయంత్రం గైడు చెప్పిందంత అల్లుడు మాకు తెలుగుల చెప్పిండు. ఒకరి వెనుక ఒకరు నడువాలె, ఉరుకొద్దు. దగ్గున్నోళ్లు జీపుకాడనే ఉండాలె. తినేటియి అసలే తేవద్దు, ఏనుగులకు వాసన తగులుతదట. నేను నోరు తెరిచెటాలకే మా ఆయన గుడ్లురిమిండు, దగ్గు సంగతి ఎత్తకని.  రాత్రంత అటు పొర్లి ఇటు పొర్లి, పొద్దుగాల లేచి బెల్లం కొంగుకు ముడేసుకున్న. దగ్గొస్తె ఎవరిస్తరు, గైడిస్తడా?

గైడు వెనుక బిడ్డ, అల్లుడు, ఆయన, నేను, ఆఖరుకు తుపాకితోని ఇంకొకాయన. నడుస్తుంటె కాలుకాలిన పిల్లి లెక్కయింది నా పని. ముందట ఆయన వీపు చూసుడు, కొంగు తడుముకునుడు. ఆయన గొంతు సవరించుకుంటె చాలు, నేను రెండడుగులు దగ్గరికి జరుగుతుంటి. అంత పెద్ద అడవి, నేను ఒక్క పిట్టను సుత చూడలే. ఆయనేమో ప్రతి కొమ్మ కింద తలకాయ వంచుతుండు, కొమ్మ ఎంత మీదున్నా సరే.

గంతల గైడు చెయ్యెత్తిండు. ఏనుగు. మా వాడకట్టు బోరింగు మా ఇంటికి ఎంత దూరమో గంత దూరంల, ముప్పై నలభై అడుగులల్ల, ఒంటిగ నిలబడ్డది. గప్పుడే ఆయన భుజాలు ఎగిరినయి. ఇగ దగ్గు ఆగదని నాకు తెల్సు. చెయ్యి ముడి మీదికి పోయింది. ఏనుగు తొండం లేపి మా దిక్కే వాసన పట్టింది. బెల్లం ఇయ్యకుంటె దగ్గుతడు, ముడి విప్పితె అది మీదికొస్తది. ముందు నుయ్యి వెనుక గొయ్యి. ఆయన తిరిగి నా చెయ్యి చూసిండు. కండ్లల్ల నీళ్లు కారుతుండంగ, వద్దని తలూపి, రెండు చేతులు నోటికి అదుముకుండు. ఏనుగు రెండడుగులు ముందుకేసింది. గైడు తుపాకి కట్టెపిడి మీద అరచేత్తోని టపటప కొట్టి గట్టిగ అదిలించిండు. అది చెవులు ఆడిచ్చి, జరసేపు నిలబడి, పక్కకు మళ్లి పోయింది.

అప్పుడు ఎగదన్నింది దగ్గు. ఆయన మోకాళ్ల మీద కూలబడ్డడు. నేను అందరి ముందటనే ముడి విప్పి బెల్లం నోట్ల పెట్టిన. గైడుకు కోపమొచ్చింది, ఎందుకు రాదు? ఆఖరుకు నడిచే ఆ తుపాకాయనను తోడిచ్చి మా ఇద్దరిని వాపసు పంపిండు. బిడ్డ, అల్లుడు వెంట వస్తమంటె మా ఆయనే వద్దన్నడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు, గైడు మీద గాదు, ఆ దగ్గు మీద, నా మీద. "నా బెల్లమే నిన్ను ఆగం చేసింది" అన్న.

"వాపసు పోవుడు గూడ నడుసుడేనే. రా" అన్నడు.

చెట్లు అయిపోయి బయలు వచ్చింది. ఎటు చూసినా ఆకాశమే. ఆయన మాత్రం నా ముందట తలకాయ వంచుకొనే పోతుండు. నాకు దుఃఖం ఆగలే.

"తల లేపయ్యా, మీద పైకప్పు లేదు" అన్న.

ఆగిండు. నెత్తి మీద గాలిల ఒకపారి చెయ్యి ఆడిచ్చి చూసుకొని, తల లేపిండు.