గడ్డం ఎత్తి చూసిన రోజులు

ఆ రోజు మా కొట్లో నాకు ఒక బకెట్ రెండుగా కనబడింది. ఆళ్లగడ్డ బజారులో మాది స్టీలు సామాన్ల కొట్టు. బకెట్లు, క్యారియర్లు, పాల క్యాన్లు పైన కొక్కేలకు వేలాడుతుంటాయి. చివర కొక్కెం ఉన్న పొడవాటి కర్రతో వాటిని దించుతాం. చిన్నప్పటి నుంచి చేస్తున్న పనే. కళ్ళు పైకెత్తబోతే సగంలోనే ఆగిపోయాయి. తల మొత్తం వెనక్కి వంచితే ఒకటి రెండైంది. లేని బకెట్‌కు కర్ర చాపాను, ఉన్నది కర్ర తగిలి ఊడొచ్చి, కొనడానికి వచ్చిన ఒకామె కాళ్ళ దగ్గర పడింది.

నాయన గల్లాపెట్టె దగ్గర నుంచే అరిచాడు. "యాడ చూస్తాండావురా? ఎవరినన్నా చంపుతావా ఏంది?"

అప్పటికే కొన్ని వారాలుగా పొద్దున లేస్తూనే తలనొప్పి, ఒక్కోసారి వాంతి. అమ్మ పైత్యమని జీలకర్ర కషాయం కాచింది. మందుల షాపాయన గ్యాస్ అన్నాడు. పక్క కొట్టాయన దిష్టి అన్నాడు. ఇరవై నాలుగేళ్ళ వాడికి ఇంతకంటే పెద్దది ఏమొస్తుందని అందరి ధీమా. నాదీ అదే ధీమా.

ఈలోగా గడ్డం పైకెత్తి మాట్లాడటం నాకు తెలియకుండానే అలవాటైంది. అలా ఎత్తితేనే ఎదుటి మనిషి మొహం తిన్నగా కనిపించేది. మా నాయన ముందు గడ్డం ఎత్తి నిలబడినవాడు మా ఇంట్లో ఇంతవరకు లేడు. "శెట్టి కొడుక్కు బాగా బలిసింది" అని బజారులో కూడా అనుకున్నారట. ఒకరోజు గిరాకీల ముందే నాయన అందుకున్నాడు. "ఏందిరా ఆ పొగరు? గడ్డం దించి మాట్లాడు!"

దించాను. ఒక్క నాయనతోనే వేగలేక చస్తుంటే ఇద్దరు కనబడ్డారు. నవ్వొచ్చింది. నవ్వినందుకు ఇంకో నాలుగు తిట్లు పడ్డాయి.

అద్దాలు పెట్టిస్తే సరిపోతుందని, నంద్యాలలో ఉండే మా అక్క నన్ను అక్కడి కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె పెన్ను ఎత్తి పట్టుకుని, "తల కదపకుండా దీన్నే చూడండి" అంది. నా కళ్ళు కుడికి, ఎడమకు, కిందికి వెళ్ళాయి. పైకి వెళ్ళలేదు. చుక్కల మందు వేసి లోపల చూసింది. "ఆప్టిక్ నర్వ్, అంటే కంటి నరం, వాచింది. ఇది అద్దాలతో పోయేది కాదు. ఇవాళే బ్రెయిన్ ఎమ్మారై తీయించండి."

"రేపు మా నాయనను పిల్చుకోనొస్తాం మేడమ్" అంది అక్క.

"ఇవాళే" అంది ఆమె. అక్క అక్కడి నుంచే నాయనకు ఫోన్ చేసింది.

మెదడు నడిమధ్యలో, పీనియల్ అనే చిన్న గ్రంథి దగ్గర గడ్డ ఉందని స్కాన్‌లో తేలింది. అది మెదడులో నీరు పారే దారిని మూసేసింది. నీరు లోపలే నిండిపోతోంది, దాన్ని హైడ్రోసెఫాలస్ అంటారట. వెంటనే హైదరాబాదు వెళ్ళమన్నారు. పండగ నాడు కూడా ఒక పూటైనా కొట్టు తీసే నాయన, తాళం వేసి నాతో, అక్కతో బయల్దేరాడు. దారంతా నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. నాకు అసలు భయం అప్పుడే పట్టుకుంది. ఆయన తిట్టడం మానేశాడంటే నా పని అయిపోయిందనే అనుకున్నాను.

న్యూరోసర్జన్ దాచకుండా చెప్పారు. "ఈ గడ్డలు అరుదు. వచ్చేది ఎక్కువగా మీ వయసు వాళ్ళకే. అంతా రకాన్ని బట్టి ఉంటుంది. జెర్మినోమా అయితే రేడియేషన్‌కు కరుగుతుంది. వేరేదైతే..." ఆయన స్కాన్ ఫిల్మ్ కవర్లో పెట్టేశారు. "ముందు నీటికి దారి చేద్దాం. అప్పుడే బయాప్సీకి ముక్క తీద్దాం."

రక్తం తీయడానికి వచ్చిన అమ్మాయి చీటీలో బీటా హెచ్‌సీజీ అని చూసి, "పేషెంట్ మేడమ్ ఎక్కడున్నారు?" అంది. గర్భం ఉందో లేదో చూసే పరీక్ష అదేనట. కొన్ని గడ్డలు కూడా ఆ హార్మోన్‌ను విడుస్తాయట. "మేడమ్ కాదమ్మా, మావోడే" అన్నాడు నాయన. ఆ వారంలో మేం నవ్వింది అప్పుడొక్కసారే.

పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి, ఎండోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టంతో ఆపరేషన్ చేశారు. తలనొప్పి తగ్గింది. కానీ ముక్క చిన్నదని, రకం తేలలేదని, స్లైడ్లు ఇంకో ల్యాబ్‌కు పంపుతున్నామని చెప్పారు. ఆ ఎదురుచూపు ఆపరేషన్ కంటే ఘోరం. ఫోన్‌లో చదివిన కొద్దీ భయం పెరుగుతుంటే అక్క ఫోన్ లాక్కుంది. ఒక ఉదయం నాయన మంచం పక్కన కూర్చుని, "ఆ పొద్దు నిన్ను అందరి ముందర..." అని మొదలుపెట్టి, మధ్యలోనే వదిలేసి నా దుప్పటి సర్దాడు. "ఇడ్లీ తింటివా?" అన్నాడు.

చివరికి జెర్మినోమా అని తేలింది. "మంచి రకమే" అన్నారు డాక్టరు. తలలో గడ్డకు కూడా మంచి రకం ఉంటుందని అప్పుడే తెలిసింది. రేడియేషన్ కంటే ముందు కీమో మొదలుపెట్టారు, మధ్యలో రక్తంలో తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చింది. వైద్యం కొన్నాళ్ళు ఆపేశారు. ఈ లోపల గడ్డ మళ్ళీ పెరుగుతుందేమోనని రోజులు లెక్కపెట్టుకున్నాను. తర్వాత రేడియేషన్. మొహానికి మాస్కు వేసి బల్లకు బిగిస్తే గడ్డం ఎత్తే వీలే లేదు.

ఇప్పుడు స్కాన్‌లో గడ్డ కనబడటం లేదు. కళ్ళు పూర్తిగా కాకపోయినా చాలావరకు పైకి వెళ్తాయి. వచ్చే వారం మళ్ళీ స్కాన్ ఉంది. ఎన్నిసార్లు తీయించుకున్నా ఆ భయం పాతబడదు. మీ ఇంట్లో ఎవరికైనా పొద్దున్నే తలనొప్పి, వాంతి, ఒకటి రెండుగా కనబడటం ఉంటే గ్యాస్ బిళ్ళతో సరిపెట్టకండి. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి చుక్కల మందు వేయించి, కంటి నరం చూపించండి.

డాక్టర్ల స్కాన్ వాళ్ళది, మా నాయన స్కాన్ ఆయనది. రోజూ నేను కొట్టుకు వచ్చేసరికి అన్నిటికంటే ఎత్తైన కొక్కేనికి ఏదో ఒకటి తగిలించి ఉంచుతాడు. గుర్తుపెట్టుకుని చెప్పేస్తానేమోనని రోజుకొకటి మారుస్తాడు. ఈ ఉదయం కూడా నా ఎదురుగా నిలబడ్డాడు.

"గడ్డం దించి చూడు. పైన ఏముంది?"

"పాల క్యాను."

"ఎన్నున్నాయి?"

"ఒకటే, నాయనా."