పూజలో కూర్చున్న డిస్కు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయాల జాబితా రాయమని ఎవరైనా అడిగి ఉంటే, ఖాళీ కాగితం ఇచ్చేవాణ్ణి. ఇంజనీరింగు పూర్తయింది, ఉద్యోగం ఖాయమన్నారు, చేరే తేదీ మాత్రం చెప్పలేదు. తిరుపతిలో ఇంట్లో కూర్చుని గంటకోసారి ఈమెయిలు చూసుకుంటుంటే అమ్మ విసుగెత్తి, శ్రీకాళహస్తిలో పెద్దమ్మ దగ్గరికి పంపించింది. పెద్దమ్మది కలంకారీ పని. ముప్పై ఏళ్లుగా తాను గీసిన నమూనాలు, వాటి అడుగున వాళ్లమ్మ (మా అవ్వ) గీసినవి కలిపి మూడు వందల పన్నెండు. (లెక్కపెట్టింది నేనే, గీయడం రానివాడికి అదొక్కటే పని.) చెదలు అంచులు కొరుకుతున్నాయని నెలరోజులు కూర్చుని అన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించాను.

ఆ తర్వాత పన్నెండు నియమాలు రాసి గోడకు అంటించాను. పాస్‌వర్డు ఎవరికీ చెప్పరాదు. ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన ఫైలు తెరవరాదు. ప్రతి శనివారం నమూనాలన్నిటికీ విడి డిస్కులో నకలు తీసి, వైరు ఊడదీసి, బీరువాలో పెట్టాలి. ఇలా సాగి, ఏడోది: స్కాన్ అయిన కాగితాలు అనవసరం. పెద్దమ్మ ఆ కాగితాల కట్ట వైపు చూసి, "చదువుకున్నోడివి, నువ్వు సెప్తే సరేలే" అంది. రంగు పట్టడానికి గుడ్డల్ని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టే ముసలాయన (అందరికీ కరక్కాయ తాత) ఆ కాగితాలను రంగు కాగు కింద పొయ్యిలో పెడుతూ, "ఏమప్పా, ఇదంతా ఆ డబ్బాలో ఉండాదా? నిజంగానేనా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నవ్వాను.

ఆయుధ పూజ వచ్చింది. వెదురు కలాలు, రంగు గిన్నెలు, కంప్యూటరు వరసగా పెట్టి బొట్లు పెట్టారు. పెద్దమ్మ చెబితే డిస్కు కూడా తెచ్చి పక్కన పెట్టాను.

"వైరు తగిలించు."

"అది విడిగా ఉండాల పెద్దమ్మా. నియమం."

"పూజలో జంటను ఇడదీస్తారా యాడన్నా? ఒక్క దినానికి ఏమైపోతాది? ఆ లైటు కూడా ఎలిగించు. సచ్చిన పనిముట్టుకు పూజేంది?"

వైరు తగిలించి, కంప్యూటరు ఆన్ చేశాను. మరుసటి ఉదయం హారతి ఇచ్చేదాకా పూజలో పెట్టినదేదీ ముట్టుకోకూడదని మావాళ్ల ఆచారం. మధ్యాహ్నం అందరూ నడుము వాల్చారు. నా ఫోనుకు ఈమెయిలు వచ్చింది: మీరు చేరవలసిన తేదీ జతచేసిన ఫైలులో ఉంది. ఫైలు ఫోనులో తెరుచుకోలేదు. పంపిన చిరునామా కంపెనీది కాదని కనబడుతూనే ఉంది. నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నవాడికి కనబడినది తలకెక్కదు. బొట్టు చెరగకుండా ఒక్క వేలితో (అదీ నా భక్తి) కంప్యూటర్లో తెరిచాను.

పావుగంటలో తెర నల్లబడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, డబ్బు పంపితే తీస్తాం అని ఇంగ్లీషులో ఉంది. కంప్యూటర్లోవీ పోయాయి, తగిలించి ఉన్న డిస్కులోవీ పోయాయి. పెద్దమ్మకు చెప్పడానికి నాకు గంట పట్టింది.

"నేను మూడుతూర్లు అడిగితినే అబ్బా" అన్నాడు తాత.

పెద్దమ్మ తిట్టలేదు. "అమ్మ గీసినవి కూడానా?" అంది. తల ఊపాను. "దుడ్లిస్తే ఇస్తారంటావా?"

"నమ్మేదానికి లేదు పెద్దమ్మా."

"ఆ దొంగోడి కాళ్లు పట్టుకునేదానికంటే నేనే గీసుకుంటా." అన్నదే గానీ, ఆ రోజు కలం ముట్టరాదు కదా. తెల్లవారి హారతి అయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్ల ముందున్న కలాలను చూస్తూ కూర్చుంది. ఆ కూర్చోవడం నన్ను తిట్టినదానికంటే ఎక్కువ.

కొనేవాళ్లకు పంపిన ఫోటోలు ఆమె ఫోనులో నలభై దాకా దొరికాయి. మిగిలినవి చింతబొగ్గుతో గుర్తు తెచ్చుకుని గీసింది. నేను కాగితం కదలకుండా పట్టుకున్నాను. ప్రతిదీ రెండుసార్లు గీసి, రెండోది నాచేత బస్సులో తిరుపతికి, అమ్మ పెట్టెలోకి పంపించింది. "ఒకటి ఈడ, ఒకటి ఆడ. నువ్వు రాసినదాంట్లో పనికొచ్చే మాట అదొకటే" అంది. అన్నీ గుర్తుకు రాలేదు. అవ్వ గీసిన అశోకవనం సీతమ్మ కోసం ఏడు కాగితాలు ఖర్చయ్యాయి. ఏడోదాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"కండ్లు వచ్చినాయి. సూపు రాలా. అది అమ్మ సేయి." బొగ్గు కింద పెట్టేసింది. "పోనీలేరా. ఇంగ ఇది నా సీతమ్మ."

ఉద్యోగం ఆ తర్వాత నిజంగానే వచ్చింది. ఇప్పుడు చిన్న చిన్న దుకాణాలవాళ్లకు ఈ జాగ్రత్తలే చెబుతుంటాను. ఏడో నియమం కొట్టేశాను. పెద్దమ్మ ఇంటికి వెళ్లినప్పుడల్లా నకలు తీసి, డిస్కు వైరు ఊడదీసి, ఊడిందో లేదోనని చేతిలో పట్టుకుని మరోసారి చూసుకుంటాను. ఊడిన వైరును చూసి ఇంతగా కుదుటపడే మనిషిని చూస్తే, ఆ పన్నెండు నియమాల కుర్రవాడు తప్పకుండా నవ్వేవాడు. నవ్వనీ. అవ్వ సీతమ్మ ఎలా చూసేదో నాకిప్పుడు గుర్తులేదు, అతనికింకా తెలుసు.