అమీనా మేడం లైసెన్సు

పొద్దున పక్కింటావిడ యాలకులు దంచుతుంటే ఆ వాసన గోడ దాటి వచ్చింది. ఆ వాసనకు నాకు అమీనా మేడం గుర్తొస్తారు, వెంటనే చిరాకూ వస్తుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో బహ్రెయిన్‌లో ఆమె కారు నడిపేవాణ్ణి. ఆఫీసుల ముందు పడిగాపులు పడేటప్పుడు ఫ్లాస్కులోని యాలకుల కాఫీ నాకూ పోసేవారు.

మతి తప్పిన వృద్ధుల ఆస్తినీ వైద్యాన్నీ చూసే బాధ్యతను కోర్టు ఆమెకు అప్పగించేది. ఆ పనికి లైసెన్సు ఉండాలి. ఆ ఏడు దాన్ని పొడిగించమంటే పోలీసుల దగ్గర సత్ప్రవర్తన పత్రం తెమ్మన్నారు. తెచ్చాక, శిక్షణ తరగతులకు మళ్ళీ వెళ్ళమన్నారు. తరగతులు ముగిసేసరికి ఆ పత్రానికి గడువు తీరింది. "ఖలాస్, కొత్తది తీసుకురండి," అన్నాడు గుమాస్తా తలెత్తకుండా. ఇంతలోనే ఆమె ప్రవర్తన ఏం చెడిందో నాకు అర్థం కాలేదు.

ఈలోగా కర్జకాన్ అనే ఊళ్ళో ఆమె సంరక్షణలో ఉన్న హసన్ అనే ముసలాయనకు శుక్లాల ఆపరేషన్ తేదీ కుదిరింది. ఆసుపత్రిలో మేడం సంతకం పెడితే చాలు. లైసెన్సు సంగతి ఎవరూ అడగలేదు. దాని గడువు తీరిందని, ఇంకా పొడిగించలేదని తానే చెప్పి, కలం కింద పెట్టేశారు.

"ఎవరు చూస్తరు మేడం? పెట్టేయుండ్రి," అన్నాను ఉండబట్టలేక.

"లైసెన్సు లేని రోజు ఆయనకు నేనెవర్ని, భాయ్? దారిన పోయేవాళ్ళంతా సంతకాలు పెట్టొచ్చంటే ఆయన తోట ఈపాటికి ఉండేదా?"

అదీ నిజమే. మేనల్లుడు ముసలాయన వేలిముద్ర వేయించుకుని ఖర్జూరపు తోట అమ్మబోతేనే కోర్టు అడ్డుపడి ఈమెను నియమించింది. అయినా నా కోపం తగ్గలేదు. ఆపరేషన్ తప్పిపోయి ఆ ముసలాయన గోడలు తడుముకుంటూ తిరుగుతుంటే చూడలేకపోయాను. చాలా రోజులు ఆమెతో ముక్తసరిగానే మాట్లాడాను.

చివరికి లైసెన్సు వచ్చింది, ఆపరేషనూ అయింది. కట్టు విప్పిన రోజు ఆయన మేడంను తేరిపార చూసి, "నువ్వెవరమ్మా?" అన్నాడు. ఇంత తిరిగింది ఈ మాట కోసమా అని నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం నవ్వి, "కోర్టు పంపిన మనిషిని, హాజీ," అని దిండు సర్దారు.

ఇప్పుడు మా అన్నకు పక్షవాతం. మాట లేదు, చెయ్యి కదలదు. "పొలం కాగితాల మీద ఆయన సంతకం నువ్వే గీకెయ్యి, ఎవరడుగుతరు?" అంటారు ఊళ్ళోవాళ్ళు. ఆయన తరఫున సంతకం పెట్టే అనుమతి కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్నాను. వాయిదా పడ్డప్పుడల్లా మేడంను తిట్టుకుంటూ ఇంటికొస్తాను. సంతకం మాత్రం ఇంతవరకూ గీకలేదు.