అంకమ్మరావు గారి డెలివరీ

అంకమ్మరావు గారికి ఒకే ఒక్క జబ్బు. చేతికందేదాకా ఏదీ అయినట్టు ఒప్పుకోరు. వాన పడుతోందంటే కిటికీలోంచి చెయ్యి చాపి, అది తడిస్తేనే "ఊఁ" అంటారు. ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే మా షెడ్డుకి ఆయన అకౌంట్స్ మేనేజరు. నేను రంగుల విభాగంలో కెమిస్టుని.

ఎవరైనా కొత్త బస్సుకి అడ్వాన్సు పంపితే మేమంతా స్వీట్లు తెప్పించుకుంటాం. ఆయన మాత్రం దిగాలుగా "ఇంకో అప్పు నెత్తిన పడిందమ్మా" అంటారు.

"అప్పేంటండీ, డబ్బొస్తేనూ!"

"డబ్బొచ్చింది. ఆదాయం రాలేదు. డెలివరీ ఇచ్చేదాకా అది మనం పడ్డ బాకీ."

ఈ సూత్రం షెడ్డు గేటు దగ్గరే ఆగితే బాగుండేది. ఎదురు హోటల్లో టిఫినూ కాఫీ కలిపి ఒకే ధర. ఒకరోజు పెసరట్టు అవగానే సర్వరు బిల్లు తెచ్చాడు.

"నువ్విచ్చిన మాటలు రెండు నాయనా. ఒకటి నా కడుపులో ఉంది, రెండోది ఇంకా పొయ్యి మీదుంది. పెసరట్టు వాటా తీసుకో, కాఫీ వాటా కాఫీతో పాటే."

అప్పట్నించీ ఆయన గుమ్మంలో కనబడితే చాలు, పెసరట్టూ కాఫీ ఒకే పళ్లెంలో పరిగెత్తుకొస్తాయి.

నేను నీళ్లోసుకున్నానని తెలిసి ఆఫీసంతా కంగ్రాట్స్ చెప్పింది. ఆయన చెప్పలేదు. "డెలివరీ కానివ్వమ్మా" అన్నారు. సరే, డెలివరీ అయింది. ఆస్పత్రికి బత్తాయిలు పట్టుకొచ్చి, పొత్తిళ్లలోకి తొంగి చూశారు.

"బాడీ బావుంది. ఫిట్టింగులు మిగిలాయి."

"ఫిట్టింగులా?"

"పళ్లు రాలేదు, మాట రాలేదు, నడక రాలేదు. కంగ్రాట్స్ పెండింగ్."

పళ్లొచ్చాయి. మాటొచ్చింది. నడకొచ్చి పరుగైంది. కంగ్రాట్స్ మాత్రం రాలేదు. అడిగినప్పుడల్లా ఏదో ఒక ఫిట్టింగు మిగిలే ఉండేది.

నాకసలే భయం జాస్తి. మా అక్షయ తుమ్మితే థర్మామీటరు, దగ్గితే ఇంటర్నెట్టు. అలాంటిది ఈ జూన్‌లో దాన్ని నర్సరీలో వేసి, స్కూలు బస్సెక్కించాలి. తమాషా ఏమిటంటే, ఆ స్కూలు మూడు కొత్త బస్సులకి ఆర్డరిచ్చింది మా షెడ్డుకే.

మార్చి ఆఖరి రోజుకి మూడూ పసుపు రంగులో మెరుస్తూ నిలబడ్డాయి. మా యజమాని బాజీ గారు బ్యాంకుకి ఏడాది లెక్కలు చూపించాలి. మార్చి అమ్మకాల మీదే మా ఇన్సెంటివ్. దాంతోనే అక్షయ ఫీజు కడదామని నా ప్లాను.

"అంకమ్మరావు గారూ, బిల్లు కొట్టేయండి. డబ్బు మొత్తం వచ్చేసిందిగా!" అన్నారు బాజీ గారు.

"డబ్బు బ్యాంకులో ఉందండీ. బస్సులు షెడ్డులో ఉన్నాయి."

"రేపో ఎల్లుండో పంపేస్తాంగా!"

"అయితే రేపో ఎల్లుండో రాస్తాను."

బాజీ గారు తల పట్టుకున్నారు. ఇక నేను రంగంలోకి దిగాను. "రంగు గట్టిపడిందండీ, నేనే పరీక్ష చేశాను. రాసేయండి, ప్లీజ్."

ఆయన నన్నో బస్సెక్కించి, వెనక ఎమర్జెన్సీ తలుపు చూపించారు. "తియ్యమ్మా."

రెండు చేతులా లాగాను. గడియ కదల్లేదు. సీటుకి కాలు తన్నిపెట్టి లాగితే అప్పుడొచ్చింది.

"మూడిట్లోనూ ఇదే గడియ. ఫిట్టరుకి చెప్తే 'పంపించాక చూద్దాం సార్' అన్నాడు. అమ్మకం రాసేశాక ఎవడు చూస్తాడమ్మా? రాయనంత కాలం ఇది మన బస్సు. ఎక్కే పిల్లలు మన పూచీ."

నేను కిటికీలోంచి మిగతా రెండు బస్సుల వంక చూశాను.

"మీ పాప ఎక్కేది ఏ బస్సు?" అన్నారాయన.

"తెలీదండీ."

"నాకూ తెలీదు. అందుకే మూడూ ఆపాను."

వెనకాలే వచ్చిన బాజీ గారు తనూ ఆ గడియ లాగి చూశారు. చెయ్యి దులుపుకుంటూ ఫిట్టర్ని కేకేశారు. బ్యాంకుకి లెక్కలు ఉన్నవున్నట్టే వెళ్లాయి. కొత్త గడియలు పడ్డాక, బస్సులు ఏప్రిల్‌లో వెళ్లాయి. ఇన్సెంటివూ వాటితో పాటే ఏప్రిల్‌లోకి వెళ్లింది. ఫీజుకి నేను గడువడిగాను, స్కూలు వాళ్లు ఇచ్చారు. అంకమ్మరావు గారిని ఆ నెలంతా ఎవరూ తిట్టుకోలేదు, అదొక వింత.

జూన్ వచ్చింది. మొదటి రోజు పొద్దున అక్షయ నా వైపు చూడనైనా చూడకుండా బస్సెక్కేసింది. మధ్యాహ్నం నేను చాలా ముందే వెళ్లి వీధి మొగలో నిలబడ్డాను. బస్సాగింది. ఆయా దించింది. జిగురు జిగురు బిస్కెట్‌తో సహా ఆ చిట్టి చెయ్యి నా చేతిలోకొచ్చింది.

ఫోన్ మోగింది.

"అమ్మా, పాప చేతికందిందా?"

"అందిందండీ!"

"కంగ్రాట్స్."

నాకు నవ్వొచ్చింది. "అమ్మయ్య! ఇన్నేళ్లకి డెలివరీ ఒప్పుకున్నారన్నమాట."

"ఇవాళ్టి వరకే ఒప్పుకున్నానమ్మా," అన్నారు అంకమ్మరావు గారు. "రేపటిది రేపు బస్సు దిగాక."